మాగ్నీటోతో రాజీ పడే హక్కు ఎవరిది?

1985లో వెలువడిన అన్‌కానీ ఎక్స్‌మెన్ అనే అమెరికన్ కామిక్సు 200వ సంచికలో మాగ్నీటోను పారిస్ నగరంలో అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబెట్టారు. 1963 నుంచి ఆ కథల్లో ప్రధాన ప్రతినాయకుడిగా ఉంటూ, లోహం ఏదైనా తన మాట వినేలా చేయగల ఈ మనిషి తనంతట తానే బోనెక్కడం ఒక విశేషమైతే, విచారణ మొదట్లోనే అతని పక్షాన వచ్చిన వాదన అంతకు మించిన విశేషం. అంతకు పదేళ్ళకు పైగా ముందు ఒక కథలో మాగ్నీటో పసికందుగా మారిపోయి, ఆ తరువాత తిరిగి పెద్దవాడయ్యాడు. అది పునర్జన్మతో సమానమనీ, కాబట్టి ఆ జన్మకు ముందు జరిగిన నేరాలకు ఈ మనిషిని బాధ్యుణ్ణి చేయరాదనీ వాదించారు. న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. విజయనగరం కోర్టుల్లో ప్లీడరు వృత్తి చేసుకుంటున్న నాకు ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నవ్వూ, కొంత అసూయా కలుగుతాయి. పూర్వజన్మలో చేసిన పాపం ఈ జన్మలో పట్టి పీడిస్తుందని తాతముత్తాతల నుంచి వింటున్న మన ప్రాంతంలో ఏ ముద్దాయి తరఫునైనా అలాంటి మెమో దాఖలు చేస్తే, దానికి జడ్జిగారు ఏమంటారో గాని, బెంచి క్లర్కు మాత్రం నన్ను జీవితాంతం మరచిపోడు.

ఆ విచారణ తీర్పు దాకా సాగలేదు. మధ్యలో దాడి జరుగుతుంది, పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్ల జట్టు ఎక్స్‌మెన్‌కు గురువైన ఛార్లెస్ జేవియర్ ప్రాణాపాయంలో పడి తన పాఠశాలను మాగ్నీటోకు అప్పగిస్తాడు. బోనులో ఉండవలసిన మనిషి ప్రధానోపాధ్యాయుడి కుర్చీలో కూర్చుంటాడు. పునర్జన్మ వాదం నుంచి మిగిలిన నేరాల్లో ముఖ్యమైనది లెనిన్‌గ్రాడ్ అనే సోవియట్ జలాంతర్గామిని సిబ్బందితో సహా సముద్రంలో ముంచివేయడం. ఆ నావికుల కుటుంబాలకు ఆనాడు అందవలసిన తీర్పు ఇప్పటికీ అందలేదు.

కామిక్సులోని ప్రతినాయకుడు మారవచ్చునా అని అడిగితే నిస్సందేహంగా మారవచ్చునంటాను. మారడం చూపలేని కథ సగం కథే. అయితే మారినవాణ్ణి నాయకుడిగా కూర్చోబెట్టడానికి ఎవరి అనుమతి కావాలన్న దానిపై నాకు ఈ పుస్తకాలతో తగవు ఉంది. ఆ అనుమతి పాఠకుడిది కాదు, రచయితది కాదు, అమ్మకాలు లెక్క చూసుకునే సంస్థది అసలే కాదు. దెబ్బ తిన్నవాడిది.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు, మా వృత్తిలో రోజూ చేతికి తగిలే సంగతి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షన్‌లో రాజీకి వీలున్న నేరాల పట్టిక ఒకటి ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 359వ సెక్షన్‌గా నడుస్తున్నది. ఆ పట్టికలో నేరం ఒక గడిలోనూ, దాని సెక్షన్ మరొక గడిలోనూ ఉంటే, ఆ నేరం విషయంలో రాజీ పడే అధికారం ఎవరికి ఉన్నదో చెప్పడానికి ప్రత్యేకంగా ఇంకొక గడి ఉంటుంది. దెబ్బ తగిలినవాడు, అవమానానికి గురైనవాడు, సొత్తు పోగొట్టుకున్నవాడు అని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. ముద్దాయి ఎంత మారిపోయాడన్న గడి ఆ పట్టికలో లేదు. లోక్ అదాలత్ రోజున మా కోర్టు ఆవరణలో గజపతినగరం నుంచో, చీపురుపల్లి నుంచో గట్టు తగాదాలో తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు వస్తారు. కొట్టినవాడు ఈ మధ్యకాలంలో మాల వేసుకుని, తాగుడు మానేసి, ఊళ్ళో అందరికీ మంచివాడై ఉండవచ్చు. అయినా తమ్ముడు సంతకం పెడితేనే కేసు మూతపడుతుంది. ఇక హత్య ఆ పట్టికలోనే లేదు, ఎందుకంటే సంతకం పెట్టవలసినవాడు లేడు.

ఈ గడిని మనసులో పెట్టుకుని కామిక్సు చదివితే చాలా మార్పుల కథలు బోలుగా కనిపిస్తాయి.

పాఠకుల వాదన ఒకటి ముందుగా చూడాలి. ప్రతినాయకుణ్ణి మేము ప్రేమిస్తున్నాం, కాబట్టి అతనికి మోక్షం ఇవ్వండి అని వారు అంటారు. ఇష్టపడటం నేరమని నేను అనను. మా జిల్లా పల్లెల్లో అమ్మవారి పండుగకు పౌరాణిక పద్యనాటకం వేయించినప్పుడు దుర్యోధనుడి పద్యానికి వచ్చినన్ని వన్స్‌మోర్‌లు ధర్మరాజు పద్యానికి ఎన్నడూ రావు. రాగం తీస్తున్నంతసేపు జనం ఆ నటుడి పక్షమే. అయినా తెల్లవారుజామున భీముడు గద ఎత్తేసరికి ఆపమని అరిచినవాణ్ణి నేను చూడలేదు. మెచ్చుకోవడానికీ నిర్దోషిగా విడిచిపెట్టడానికీ మధ్య ఉన్న దూరం అక్షరం రాని ప్రేక్షకుడికి కూడా తెలుసు. గురజాడకు అది మరింత బాగా తెలుసు. మా ఊరి వాడైన ఆ రచయిత గిరీశాన్ని ఎంత ముచ్చటగా తీర్చాడంటే, నూరేళ్ళు దాటినా ఆ మాటలు మా నోళ్ళలో నలుగుతూనే ఉన్నాయి. అంతటి ముద్దుల మోసగాణ్ణి చివరి అంకంలో ఒక మంచి పని చేయించి సంస్కర్తగా నిలబెట్టడం ఆయనకు చేతకాక కాదు. అలా చేయలేదు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయం వైపు పంపించి, గిరీశం చేతులు ఖాళీగా వదిలేశాడు.

సందర్భం వచ్చింది కనుక ఒక పక్కమాట. మోహన్‌బాబు, శ్రీహరి, గోపీచంద్ వంటి నటులు ప్రతినాయక పాత్రలతో పేరు తెచ్చుకుని తరువాత కథానాయకులయ్యారు గదా అని మా జూనియరు ఒకాయన వాదిస్తూ ఉంటాడు. అది నటుల ఎదుగుదల. వారు వేసిన పాత ప్రతినాయకులు ఆయా సినిమాల్లో ఎక్కడ చావాలో అక్కడే చచ్చారు.

కామిక్సులో పాత్రకూ నటుడికీ తేడా లేదు, నెలనెలా సాగే కథకు ముగింపూ లేదు. అసలు చిక్కు అక్కడ ఉంది. 1940లో బ్యాట్‌మన్ మొదటి సంచికలోనే జోకర్‌ను చంపివేద్దామనుకున్నారు. ఇంత మంచి శత్రువును పోగొట్టుకోవడం ఎందుకని సంపాదకుడు అడ్డుపడటంతో బతికి ఉన్నట్టు చివర్లో ఒక బొమ్మ చేర్చారు. 1954లో అమెరికా ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న కామిక్స్ కోడ్ నేరస్థుల మీద సానుభూతి కలిగేలా రాయరాదనీ, ప్రతి కథలోనూ మంచి గెలిచి నేరస్థుడు శిక్ష అనుభవించాలనీ శాసించింది. 1975లో జోకర్ పేరిట సొంత పత్రిక మొదలుపెట్టినప్పుడు, ఆ కోడ్ పుణ్యమా అని ప్రతి సంచిక చివరా అతను పట్టుబడవలసి వచ్చేది, ఆ పత్రిక తొమ్మిది సంచికలతో ఆగిపోయింది. కోడ్ పట్టు సడలిన తరువాత లెక్క తిరగబడింది. 1988లో స్పైడర్‌మన్‌ను చంపడమే ధ్యేయంగా పుట్టిన వెనమ్ పాఠకులకు విపరీతంగా నచ్చాడు, 1993కల్లా అమాయకుల రక్షకుడనే బిరుదుతో సొంత కథలోకి దిగాడు. అతను మారడానికి కారణం కథలో వెతికితే దొరకదు, అమ్మకాల పుస్తకంలో దొరుకుతుంది.

ఇంతకంటే నాకు బాధ కలిగించే పద్ధతి ఇంకొకటి ఉంది. హాల్ జోర్డన్ అనే గ్రీన్ లాంటర్న్ మొదటి నుంచీ వీరుడు. తన నగరం లక్షలాది ప్రజలతో సహా నాశనమైపోతే, ఆ దుఃఖంలో 1994 నాటి కథలో తోటి యోధుల మీదే చేయి చేసుకుని, కొందరి ప్రాణాలు తీసి, పారలాక్స్ అనే కొత్త పేరుతో ప్రపంచానికే ముప్పుగా తయారయ్యాడు. 1996లో సూర్యుడు ఆరిపోతున్నప్పుడు తన ప్రాణం అర్పించి దాన్ని తిరిగి వెలిగించాడు. అక్కడితో ఆగి ఉంటే అది గొప్ప కథ. చేసిన పాపం అతని పేరు మీదే ఉంది, చెల్లించిన మూల్యమూ అతని పేరు మీదే ఉంది. కాని అభిమానులకు పాత వీరుడు కావాలి. అందుకని 2004లో మొదలైన కొత్త కథలో, పారలాక్స్ అన్నది భయమే రూపం దాల్చిన ఒక ప్రాణి అనీ, అది హాల్ శరీరంలో దూరి ఆ పనులన్నీ చేయించిందనీ తేల్చారు. దెయ్యం పట్టి చేసిన పనికి మనిషిది తప్పెలా అవుతుందన్నది మా పల్లెల్లో కూడా వినిపించే మాటే, భూతవైద్యుడు వచ్చి వెళ్ళాక ఇంటివారు ఊపిరి పీల్చుకోవడమూ సహజమే. కాని ఆ ఒక్క సవరణతో హాల్ చేతికి అంటిన నెత్తురుతో పాటు, సూర్యుడి దగ్గర అతను చేసిన త్యాగానికి ఉన్న అర్థం కూడా కొట్టుకుపోయింది. తప్పు చేయనివాడు ప్రాయశ్చిత్తం చేసుకుంటే అది వట్టి ప్రమాదమే.

మన వాఙ్మయాన్ని సాక్ష్యంగా తెచ్చేవారు వాల్మీకి పేరు చెబుతారు. దారి దోపిడీ చేసిన బోయవాడు ఆదికవి కాలేదా అంటారు. నిజమే, ఆ కథలో భార్యాపిల్లలు అతని పాపంలో పాలు పంచుకోబోమనడం దగ్గర గొప్ప సత్యం ఉంది. కాని ఆ బోయవాడి చేతిలో నష్టపోయిన బాటసారుల్లో ఒక్కడైనా మళ్ళీ కనిపించడు. ఈ చర్చకు సరిపోయే కథలు వేరే రెండు ఉన్నాయి.

మొదటిది అంగుళిమాలుడిది. మా రామతీర్థం పక్కన గురుభక్తులకొండ మీదా, శ్రీకాకుళం దగ్గర వంశధార ఒడ్డున శాలిహుండంలోనూ మిగిలిన ఇటుకల స్తూపాలను చూసినప్పుడల్లా నాకు ఈ కథ గుర్తుకు వస్తుంది, ఎందుకంటే అక్కడి భిక్షువులు దీన్ని ఎరగకుండా ఉండరు. చంపినవారి వేళ్ళు దండగా గుచ్చి వేసుకున్న ఆ హంతకుడు బుద్ధుడి మాటతో భిక్షువయ్యాడు. ప్రసేనజిత్తు రాజు అతన్ని పట్టుకోవడానికి సైన్యంతో వచ్చి, కాషాయంలో చూసి, దండించకపోగా వస్త్రాలు ఇస్తానన్నాడు. అంటే రాజ్యం క్షమించింది, గురువు అంగీకరించాడు. అయినా భిక్షకు ఊళ్ళోకి వెళితే అతని మీద రాళ్ళు, కర్రలు పడ్డాయి. తల పగిలి, భిక్షాపాత్ర విరిగి, నెత్తురోడుతూ తిరిగి వచ్చిన శిష్యుడితో బుద్ధుడు ఊరివాళ్ళది అజ్ఞానమని అనలేదు. ఇతను మారాడు, ఇక రాళ్ళు వేయవద్దని చాటింపు వేయించలేదు. ఓర్చుకో, నీవు చేసినదాని ఫలం ఇది అన్నాడు. మార్పు నిజమే, బాకీ కూడా నిజమే అని ఇంత నిక్కచ్చిగా చెప్పిన కామిక్సు కథలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి.

రెండవది ప్రహ్లాదుడిది. భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు చనిపోయిన తరువాత వరం కోరుకోమని నరసింహస్వామి అడిగితే, ప్రహ్లాదుడు తన తండ్రిని పాపం నుంచి శుద్ధుణ్ణి చేయమంటాడు. ఏనుగులతో తొక్కించినది, విషం పెట్టించినది, కొండ మీది నుంచి తోయించినది ఎవరినో, ఆ పిల్లవాడే అడిగాడు. వైకుంఠ ద్వారపాలకుడి శాపకథ అంతా తెలిసిన స్వామి తనంతట తాను ఆ మాట ముందుగా అనలేదు. రాజీ సంతకం ఎవరు పెట్టాలో వారే పెట్టారు.

ఈ కొలతకు దగ్గరగా వచ్చిన కామిక్సు నాకు తెలిసినంతలో థండర్‌బోల్ట్స్. 1997లో కర్ట్ బ్యూసిక్ రచన, మార్క్ బాగ్లీ చిత్రాలతో వచ్చిన మొదటి సంచికలో కొత్త వీరుల జట్టు ఒకటి ప్రజల మెప్పు పొందుతుంది. చివరి పుటల్లో వాళ్ళు మారువేషంలో ఉన్న పాత నేరస్థుల ముఠా అని తెలుస్తుంది. నాయకుడు బారన్ జీమోది పచ్చి మోసం. కాని మెచ్చుకోలు రుచి చూసిన కొందరు సభ్యులకు ఆ వేషమే నిజం కావాలనిపిస్తుంది. ఇంతవరకు తెలివైన కథ. దాన్ని గొప్ప కథగా చేసినది తరువాతి మలుపు. వాళ్ళకు నాయకత్వం వహించడానికి హాక్‌ఐ వస్తాడు, అతనూ 1964లో ప్రతినాయకుడిగా పరిచయమై మరుసటి ఏడాది ఎవెంజర్స్ అనే వీరుల జట్టులో చేరినవాడే. ఆ అనుభవం ఉన్నవాడు గనుక దయ చూపుతాడనుకుంటాం. అతను పెట్టిన షరతు ఏమిటంటే, ఒకప్పుడు బీటిల్ అన్న పేరుతో హత్య చేసిన ఏబ్ జెన్‌కిన్స్ జైలుకు తిరిగి వెళ్ళాలి. ఏబ్ నిజంగా మారాడని హాక్‌ఐకి తెలుసు, పాఠకుడికీ తెలుసు. మారాడు కాబట్టే అతను వెళ్ళాడు. మారనివాడైతే పారిపోయేవాడు. తరువాతి రచయితలూ సంచికలూ ఆ శిక్షను సవ్యంగా పూర్తి కానివ్వలేదు, అది నెలవారీ కథల జబ్బు. అయినా ఆ షరతు పెట్టిన ఘట్టం చాలు.

మాగ్నీటో కథలోనూ ఇలాంటి నిజమైన క్షణం ఒకటి ఉంది, పారిస్ కోర్టులో కాదు, దానికి నాలుగేళ్ళు ముందు వచ్చిన 150వ సంచికలో. అతను నాజీల మరణశిబిరమైన ఆష్విట్జ్‌లో పెరిగి, తన వారినందరినీ పోగొట్టుకున్నవాడని రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ బయటపెట్టినది అందులోనే. ఆ పోరాటంలో కిటీ ప్రైడ్ అనే పదమూడు పద్నాలుగేళ్ళ యూదు బాలికను దెబ్బ కొట్టి, చంపేశాననుకుని, తాను ఏమైపోయాడో చూసుకుని అతను కుప్పకూలతాడు. దెబ్బ తిన్న పిల్ల అక్కడే, ఆ పుటలోనే, అతని చేతుల్లోనే ఉంది. ఆ ఘట్టాన్ని నమ్మడానికి నాకు ఏ న్యాయమూర్తీ అవసరం లేకపోయాడు.

ఇక్కడ నా మీద పడే బలమైన అభ్యంతరాన్ని దాటవేయలేను. ప్రతినాయకుడు అన్న ముద్ర ఎప్పుడూ నేరాన్ని బట్టే పడుతుందా అని అడుగుతారు. పడదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 తరువాత మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించి, పుట్టుకతోనే నేరస్థులని మొత్తం కులాలకు కులాలనే పోలీసు పుస్తకాల్లోకి ఎక్కించింది. ఆ చట్టం 1952లో రద్దయినా పోలీసుస్టేషన్ల చూపు మారడానికి ఎంత కాలం పడుతున్నదో మా వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఊరి పెద్దమనుషుల తగవుల్లో కూడా తప్పు ఎవరి మీద వేయాలన్నది విచారణకు ముందే నిర్ణయమైన సందర్భాలు కొల్లలు. అటువంటివారిని సంస్కరించామని కథ రాయడమే ఒక అవమానం. వారికి కావలసినది ముద్ర చెరిపివేయడం, క్షమాభిక్ష కాదు. రాజ్ కామిక్స్ వారి నాగరాజ్ ఈ కోవలోకి వస్తాడు. 1986లో వచ్చిన మొదటి హిందీ కథలో నాగమణి అనే శాస్త్రవేత్త అతన్ని ఉగ్రవాదులకు అద్దెకిచ్చే ఆయుధంగా తయారుచేశాడు, బాబా గోరఖ్‌నాథ్ అతని బుద్ధిని ఆ చెర నుంచి విడిపించాడు. రాయపూర్ బండ్లు కలిసే మా స్టేషన్‌లో హిందీ కామిక్సు సులువుగా దొరికిన రోజుల్లో చదివి, ఇది విలన్ హీరో అయిన కథ అనుకునేవాళ్ళం. ఇప్పుడు అలా అనిపించదు. స్వేచ్ఛ లేనివాడికి విడుదల లభించిన కథ అది. మాగ్నీటో అలా కాదు. మ్యూటెంట్లను మానవులు పీడిస్తున్నారన్న అతని ఫిర్యాదు న్యాయమైనది, అతను ముంచిన ఓడలోని మనుషులూ నిజమైనవారే. ఈ రెండింటిలో ఒకటి చెప్పి రెండోది దాచే కథ ఏ పక్షం వహించినా నాకు అంగీకారం కాదు.

జోకర్ విషయం వేగంగా తేల్చవచ్చు. 1988లో అతను బ్యాట్‌మన్ పక్షాన పోరాడిన బార్బరా గోర్డన్‌ను తుపాకితో కాల్చి చక్రాల కుర్చీకి పరిమితం చేశాడు. అదే ఏడాది, రాబిన్ అనే పేరుతో బ్యాట్‌మన్‌కు తోడుగా ఉండే కుర్రవాళ్ళలో రెండవవాడైన జేసన్ టాడ్ బతకాలా వద్దా అని ప్రచురణకర్తలు ఫోన్ ఓటింగ్ పెడితే, 5,271 మంది బతకాలని, 5,343 మంది చావాలని ఓటు వేశారు. డెబ్బై రెండు ఓట్ల తేడాతో ఆ కుర్రవాణ్ణి జోకర్ చేత చంపించారు. 2005లో జేసన్‌ను తిరిగి తీసుకొచ్చిన కథలో అతను బ్యాట్‌మన్‌ను అడిగినది, నన్నెందుకు కాపాడలేకపోయావని కాదు, వాడు ఇంకా ఎందుకు బతికి ఉన్నాడని. ఆ ప్రశ్నకు బ్యాట్‌మన్ చెప్పిన సమాధానం ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, ఫిర్యాది గొంతు ఒకసారి వినిపించిన తరువాత జోకర్‌ను నాయకుడిగా చేసే దారి మూసుకుపోయింది. అసలు కథాక్రమానికి బయట, మాత్రలు మింగించి అతన్ని స్వస్థుణ్ణి చేసిన ప్రత్యేక కథలు వచ్చాయి. వాటిని కాలక్షేపానికి చదువుకోవచ్చు.

ఈ మధ్యకాలంలో ఈ తగవు మళ్ళీ రాజుకున్నది 2019లో జోనథన్ హిక్‌మన్ మొదలుపెట్టిన క్రకోవా కథలతో. మ్యూటెంట్లందరూ ఒక ద్వీపంలో సొంత దేశం ఏర్పాటు చేసుకుని, గతంలో ఎవరేమి చేసినా మాఫీ అని ప్రకటిస్తారు. పాలక మండలిలో మాగ్నీటోతో పాటు, యుగాల తరబడి మారణహోమాలు సాగించిన అపోకలిప్స్‌కు కూడా ఆసనం దక్కింది. ఆ మండలి తొలి సమావేశంలోనే మానవులను హత్య చేయరాదన్న చట్టం చేసి, అప్పటికే జరిగిపోయిన హత్యలకు దాన్ని సేబర్‌టూత్ అనే మ్యూటెంట్ హంతకుడి మీద ప్రయోగించి, అతన్ని ద్వీపం అడుగున గోతిలో పాతిపెట్టింది. జరిగే నాటికి లేని చట్టంతో శిక్షించరాదన్న మన రాజ్యాంగం 20వ అధికరణ మొదటి ఖండిక అక్కడి వారికి తెలియదనుకుందాం. సేబర్‌టూత్ దయకు అర్హుడని నేను వాదించబోవడం లేదు, అతని వకాల్తా ఎవరు తెచ్చినా పుచ్చుకోను. కాని అదే బల్ల చుట్టూ కూర్చున్నవారి చేతిలో చనిపోయినవారి సంఖ్య ముందు అతని లెక్క ఏపాటిది? వారికి ఆసనం, ఇతనికి గొయ్యి దక్కడంలో బాధితుల మాట ఎక్కడా లేదు, దేశానికి ఎవరి బలం అవసరమో అన్న లెక్క మాత్రమే ఉంది. 2022లో విక్టర్ లవాల్ ఆ గోతిలో ఉన్న సేబర్‌టూత్‌నే కేంద్రంగా పెట్టుకుని ఒక వరుస రాశాడు. అందులో అతన్ని మంచివాణ్ణి చేయలేదు, అతనితో కన్నీళ్ళు పెట్టించలేదు, పైన ఉన్నవారు ఏ అర్హతతో తీర్పరులయ్యారన్నది మాత్రం వదలకుండా అడిగాడు. అతను ఆ గోతి నుంచి బయటపడేది కూడా తోటి ఖైదీలను మోసగించే. నేను మా జూనియరుకు ఇచ్చి చదవమన్నది ఆ పుస్తకమే. అతను ఇంకా తిరిగి ఇవ్వలేదు.